పదిహేడు ఒకట్లు

ఎమ్మిగనూరు నేతగాడు దేవేంద్రప్ప ఐదేళ్లకు పైగా ఒకే ఒక్క సంఖ్యను భాగిస్తూ కూర్చున్నాడు. ఆయన్ని ఆ పనిలో కూర్చోబెట్టింది నేను. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత నాకు దాచుకోవాల్సింది ఏమీ ఉండదు.

నా పేరు ప్రభుదాసు. ఆదోనిలో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. మా అమ్మానాన్నలు మాధవరంలో కూలికి పోయి నన్ను చదివించారు. కూలివాళ్ల కొడుకు బి.ఏ.లో గణితం తీసుకుని పాసయ్యాడని మా చర్చిలో పెద్ద పేరు. ఆ పేరు నా నెత్తికి కూడా బాగానే ఎక్కింది.

1952లో ప్రతి శనివారం మధ్యాహ్నం బడి వదలగానే బస్సెక్కి ఎమ్మిగనూరు వెళ్లి, అక్కడ నేతవాళ్లకు సాయంత్రం రెండు గంటలసేపు లెక్కలు చెప్పేవాణ్ణి. నూలు నంబర్లు, పడుగులో పోగులు, గజాలు, వాళ్లకు కావలసినవి అవి. నాకు అవంటే విసుగు. అది కరువు ఏడాది. నూలు సరిగా రావడం లేదు, సగం మగ్గాలు ఖాళీ. క్లాసుకు వచ్చేవాళ్లలో చదువు మీద ఆశతో వచ్చేవాళ్ల కంటే పనిలేక వచ్చి కూర్చునేవాళ్లే ఎక్కువ. ఒక శనివారం నాకు బుద్ధి పుట్టి వాళ్లకు ఎందుకూ పనికిరాని లెక్క ఒకటి చెప్పాను.

బోర్డు మీద ఒకట్లు వరసగా రాశాను. రెండు ఒకట్లు రాస్తే పదకొండు. ఒకటీ, పదకొండూ తప్ప దాన్ని ఏదీ శేషం లేకుండా భాగించదు, అది విరగదు. మూడు ఒకట్లు రాస్తే నూట పదకొండు. అది 3, 37గా విరుగుతుంది. నాలుగు ఒకట్లు 11, 101గా విరుగుతాయి. ఐదు ఒకట్లు 41, 271గా. ఏడు ఒకట్లు చూడటానికి రాతిగోడలా ఉంటాయి, కానీ అవీ 239, 4649గా విరిగిపోతాయి. పదకొండు ఒకట్లు, పదమూడు ఒకట్ల గతి కూడా అంతే. రాసిన ఒకట్లు ఆరో, ఎనిమిదో, పదో అయితే, అంటే వాటిని సమానంగా గుంపులు చేయగలిగితే, ఆ సంఖ్య విరిగి తీరుతుంది. గుంపులు చేయలేకపోతే మాత్రం ముందుగా ఏమీ చెప్పలేం. పట్టి చూడాల్సిందే.

"పదిహేడైతే సారూ?" అన్నాడు వెనక గోడకు ఆనుకుని కూర్చున్న దేవేంద్రప్ప.

పదిహేడు సంగతి నాకు తెలియదు. నా దగ్గరున్న పుస్తకం పదమూడుతో ఆగిపోయింది. తెలియదని చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ ఇరవై మంది నా మొహంలోకి చూస్తున్నారు.

"అది విరగదు" అన్నాను.

క్లాసయ్యాక అందరూ వెళ్లిపోయినా దేవేంద్రప్ప ఉండిపోయాడు. నాకంటే పదేళ్లు పెద్ద. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడు. ఆ నెలలోనే ఆయనా వాళ్లన్న లక్ష్మప్పా వేరుపడ్డారని నాకు తెలుసు. ఇంటి నడుమ గోడ లేచింది. మగ్గాలు చెరొకటి. రోలు అన్నకు, రోకలి తమ్ముడికి వచ్చిందని ఊరంతా నవ్వుకున్నారు. ఆ రోకలి తెచ్చుకుని ఏం చేసుకుంటావని ఆయన భార్య తిప్పమ్మ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదట.

బోర్డు మీది సంఖ్యను చూస్తూ అడిగాడు. "నిజంగా ఇరగదా సారూ?"

"విరగదన్నాను కదా."

"ఎంత పెద్దోడొచ్చినా పంచలేడా?"

"పంచలేడు."

"అట్లాంటిది ఒగటన్నా ఉండాది" అన్నాడు. ఆయన మొహంలో వచ్చిన సంతోషం చూసి నాకు కొంచెం భయం వేసింది. కొంచెమే.

మరుసటి శనివారం ఆయన ఇంకో మాటతో వచ్చాడు. నా మాట మీద నమ్మకం ఉంది, కానీ తన చేత్తో తను చూసుకోవాలి. ఎట్లా చూడాలో చెప్పమన్నాడు. నిజంగా అది తెలివైనవాడు అడిగే ప్రశ్నే. నా క్లాసులో ఇంకెవరూ ఎప్పుడూ అడగలేదు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి కూర్చుని లెక్క వేశాను. ఇందులో ఒక సులువుంది. పదిహేడు ఒకట్లను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 34తో భాగిస్తే ఒకటే మిగలాలి. కాబట్టి అడ్డమైన సంఖ్యలన్నిటితో పనిలేదు. 103, 137, 239, 307, 409, 443, ఇలా ఏరుకున్న వాటితోనే భాగించి చూస్తే సరిపోతుంది. ఎక్కడైనా శేషం సున్నా వస్తే సంఖ్య విరిగినట్టు. ఇలా పదికోట్ల యాభై లక్షల దాకా పోయినా సున్నా రాకపోతే విరగనట్టు. ఆలోపల ఏరిన సంఖ్యలు మూడున్నర లక్షలకు పైమాటే. రోజుకు ఆరు చొప్పున చేస్తే నూట అరవై ఏళ్లు దాటుతుంది.

అప్పుడు నాకు అర్థమైంది. విరిగేదైతే ఏ రోజైనా తేలిపోవచ్చు. విరగనిదైతే మాత్రం దేవేంద్రప్ప మునిమనవళ్ల కాలానికి గాని తేలదు. నా మాట తప్పని చెప్పాలంటే ఎవరికో అదృష్టం కలిసిరావాలి. ఒప్పని చెప్పగలిగేవాడు అసలు ఉండడు. నా గొప్పకు వచ్చిన ప్రమాదం ఏమీ లేదని తెలుసుకుని నేను హాయిగా భోంచేశాను.

"ఎన్నేండ్లు పడ్తుంది సారూ?" అని అడిగాడు దేవేంద్రప్ప.

"చాలా ఏళ్లు."

"పట్టనీ. నేను యాడికి పోతాండాను?"

ఒక నూనె మిల్లు వాళ్లు కొత్త సంవత్సరానికి నాకిచ్చిన 1953 డైరీ ఒకటి ఖాళీగా ఉంది. రోజుకొక పేజీ. పేజీ నెత్తిన తేదీ, వారం, తిథి అచ్చువేసి ఉంటాయి. జనవరి ఎనిమిది మొదలుకుని, తేదీకి ఆరు సంఖ్యల చొప్పున కింద నేనే రాసి ఇచ్చాను. ఆ తర్వాత ప్రతి డిసెంబరు సెలవుల్లో కొత్త డైరీ సంపాదించి రాసిచ్చేవాణ్ణి. నేను చేసిన పని అది ఒక్కటే. తక్కువ పనేం కాదు, చిన్న చిన్న సంఖ్యలతో విరిగిపోయేవాటిని కొట్టేసుకుంటూ పోవాలి. కానీ దేవేంద్రప్ప పనితో పోల్చుకుంటే అది పనే కాదు.

ఆయన లెక్క మగ్గం దగ్గరే చేసేవాడు. కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంటకు పక్కన పలక, దాని మీద బలపం. అన్నీ ఒకట్లే కాబట్టి అసలు సంఖ్యను చూడాల్సిన పనే లేదు. మిగిలినదాని పక్కన ఒకటి దించు, భాగించు, మళ్లీ ఒకటి దించు. పోగు మోసే నాడె అటూ ఇటూ పోయినట్టు పదిహేడుసార్లు అదే పని. పడుగు అతికేటప్పుడు, కండెలు చుట్టేవరకు ఆగేటప్పుడు, అన్నం ఉడికేలోపు, పలక తీసుకునేవాడు. శేషం తేలాక డైరీలో ఆ సంఖ్య పక్కన సిరాతో రాసుకునేవాడు. 103 పక్కన మొదటిరోజు రాసిన 57 నేను చూశాను. తప్పు లేదు. బాగా చేస్తున్నారని మెచ్చుకుని డైరీ తిరిగి ఇచ్చేశాను. ఆ తర్వాత ఐదేళ్లు ఆయన డైరీ నేను విప్పి చూడలేదు.

ఏళ్లు గడిచాయి. కర్నూలు రాజధాని అయింది, రాజధాని కాకుండా పోయింది. తుంగభద్ర మీద ఆనకట్ట పూర్తయింది. శనివారం క్లాసులు మూతపడ్డా మూణ్ణెల్లకోసారి నేను ఎమ్మిగనూరు పోయి దేవేంద్రప్పను చూసి వచ్చేవాణ్ణి. "యాడికొచ్చింది?" అనేవాణ్ణి. "పద్నాలుగు లచ్చలు దాట్నాము సారూ, యాడా సున్నా రాలే" అనేవాడు. ఆయన "దాట్నాము" అన్నప్పుడల్లా అందులో నేను కూడా ఉన్నానని నాకు తెలుస్తూనే ఉండేది. తిప్పమ్మ మజ్జిగ ఇచ్చేది. నేతవాళ్ల వీధిలో అది 'ఆదోని సారు చెప్పిన అంకె' అయింది. అన్నదమ్ములు కొట్లాడుకుంటే దేవేంద్రప్ప దగ్గరికి తీసుకొచ్చి, ఇదొక్కటే పంచుకోలేంది, తక్కినవన్నీ పంచుకోండని సర్దిచెప్పేవాళ్లట. 1956లో ఆయనకు కళ్లద్దాలు వచ్చాయి. వయసు మీద పడుతోందిలే అనుకున్నాను. నలభై నాలుగేళ్లకు వయసేమిటో నేను ఆలోచించలేదు.

1958 వేసవిలో టీచర్ల శిక్షణకు మద్రాసు పంపారు. అక్కడ ఒక లైబ్రరీలో విదేశాల్లో అచ్చయిన పాత పట్టికల పుస్తకం దొరికింది. ఒకట్ల సంఖ్యలు ఏవి ఎలా విరుగుతాయో వరసగా వేశారు. పదకొండు, పదమూడు, తర్వాత పదిహేడు. దాని ఎదురుగా రెండు సంఖ్యలున్నాయి. 2071723, 5363222357.

అక్కడే కాగితం తీసుకుని హెచ్చించాను. పదిహేడు ఒకట్లు వచ్చాయి. మేమిద్దరం పుట్టకముందే ఎవరో దాన్ని విరిచి పక్కన పెట్టేశారు.

మొదట సిగ్గు ముంచుకొచ్చింది. కానీ అది ఎంతోసేపు ఉండలేదు. దేవేంద్రప్ప అప్పటికి ఇరవై ఐదు లక్షలు దాటాడు. ఇరవై లక్షల డెబ్బై ఒక్క వేలు ఏడాది కిందటే వచ్చి పోయింది. అంటే ఆయన దానితో భాగించాడు, సున్నా రావాల్సిన చోట తప్పు చేశాడు. తప్పు ఆయనది! ఆదోని వచ్చేదాకా రైల్లో ఆ మాటే నెమరువేసుకుంటూ కూర్చున్నాను. ఎనిమిదో తరగతి చదివినవాడికి అంత పని అప్పగించడం నాదే పొరపాటని నా మీద నేనే జాలిపడే దాకా వచ్చింది.

జూన్ మొదటి ఆదివారం చర్చి మానేసి ఎమ్మిగనూరు బస్సెక్కాను. దేవేంద్రప్ప మగ్గం గుంటలో ఉన్నాడు. నేను కూర్చోకుండానే 1957 డైరీ అడిగాను. పేజీలు తిప్పుకుంటూ పోతే మే నెల 29, బుధవారం దగ్గర దొరికింది. నా చేతిరాతలో ఆరు సంఖ్యలు. నాలుగోది 2071723. దాని పక్కన తప్పు శేషం లేదు. ఒప్పు శేషం లేదు. ఆరింటి పక్కనా ఖాళీ.

"ఈ పేజీ చేయలేదేం?" అన్నాను. నా గొంతు గట్టిగానే లేచింది.

దేవేంద్రప్ప కళ్లద్దాలు సర్దుకుని పేజీ నెత్తిన చూశాడు. "అమాస గదా సారూ" అన్నాడు.

"అమావాస్య అయితే?"

తిప్పమ్మ కండె చుడుతూనే నవ్వింది. "అమాస పొద్దు మగ్గం ముడ్తారా ఎవురన్నా? మీకు తెలీదేమో గానీ, ఈ ఈదిలో ఒగ మగ్గం గూడా ఆడదు."

"మగ్గం ముట్టకండి. లెక్కకేమైంది?"

"ఇదీ మగ్గం కాడ కూసోని సేసే పనే గదా సారూ" అన్నాడు దేవేంద్రప్ప. ఆయనకు నా ప్రశ్నే అర్థం కావడం లేదు.

"పోనీ, మరుసటి రోజు చేయకూడదా?"

"మర్సటి పొద్దుకు మర్సటి పొద్దు పని ఉంటాది. అమాస పని బాకీ పడదు సారూ. ఆ పొద్దుకు పని లేనట్టే. మీరు రాసిచ్చినారు, అమాసకు గూడా ఎందుకు రాస్తాండారో అని నేనూ అనుకున్నా. సారు అంకెలు తెగకుండా వరసగా పోవాలని రాసింటారులే అనుకున్నా."

పేజీ నెత్తిన 'వైశాఖ అమావాస్య' అని అచ్చువేసి ఉంది. సరిగ్గా ఆ మాట కిందనే నేను ఆరు సంఖ్యలు రాశాను. మిగతా డైరీలు తీయించాను. ఐదున్నరేళ్లలో వచ్చిన అమావాస్యలన్నీ, అరవై ఏడు పేజీలు, తెల్లగా ఉన్నాయి. ఒక్క డైరీ ఒక్కసారి తిరగేసి ఉంటే నాకు మొదటి నెలలోనే కనిపించేది.

అప్పుడు కూర్చున్నాను. మద్రాసులో చూసింది చెప్పాను. సంఖ్య విరుగుతుందని, విరిచే సంఖ్య ఈ పేజీలోనే ఉందని చెప్పాను.

దేవేంద్రప్ప ఆ పేజీని తన వైపుకు తిప్పుకున్నాడు. "ఇరగదని సెప్పినారు గదా" అన్నాడు.

"తెలియక చెప్పాను."

"తెలీకనా? మీరు సూసింటిరి అనుకున్నా."

"చూడలేదు. ఇరవై మంది ముందు తెలియదని చెప్పడానికి నామోషీ అనిపించి అనేశాను. ఇంకొకటి కూడా ఉంది. విరగదని పూర్తిగా తేలాలంటే నూట అరవై ఏళ్లు పడుతుందని నాకు అప్పుడే తెలుసు. అదీ మీకు చెప్పలేదు."

తిప్పమ్మ రాట్నం ఆపేసింది. "ఆయప్ప కండ్లు పోగొట్టుకున్యాడు సారూ" అంది. అరవలేదు, ఏడవలేదు. ధర చెప్పినట్టు చెప్పింది. నేను అంతకుముందు ఎప్పుడూ అంత సిగ్గుపడలేదు, ఆ తర్వాతా పడలేదు.

దేవేంద్రప్ప ఆమెను చేత్తోనే ఆగమన్నాడు. పలక తీసుకున్నాడు. నాలుగోదాన్ని చేయండి చాలు అన్నాను. వినిపించుకోకుండా మొదటిదాంతో మొదలుపెట్టాడు. మొదటిదానికి శేషం వచ్చింది, రాశాడు. రెండోదానికి, మూడోదానికి అలాగే. నాలుగోదానికి వచ్చాడు. ఒకటి దించడం, భాగించడం. ఐదు, మూడు, ఆరు, మూడు. పెదాలు కదులుతున్నాయి. చివరి ఒకటి దించేసరికి పలక మీద 14502061 నిలిచింది. దాని కింద ఏడుసార్లు 2071723 ఎంతో వేశాడు. 14502061. పైదీ కిందిదీ ఒక్కటే.

సున్నా రాశాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయనకు రాలేదు.

"మాది గూడా రొండు పాళ్లే అయింది" అన్నాడు. తర్వాత గోడ వైపు చూశాడు. గోడకు అవతల లక్ష్మప్ప మగ్గం చప్పుడు వినిపిస్తోంది. "ఈ రొండూ ఇంగా ఇరుగుతాయా సారూ? ఈడికి ఆగుతాయా?"

విరగవు అనే మాట నా నోటిదాకా వచ్చింది. పుస్తకంలో అలాగే ఉంది. నోరు మూసుకుని ఆలోచించి చెప్పాను. ఈ రెండు ముక్కల్లో దేన్నైనా విరిచే సంఖ్య ఉంటే అది మొత్తం సంఖ్యను కూడా విరవాలి. అంటే అది ఆయన డైరీల్లోనే ఎక్కడో సున్నాగా కనిపించి ఉండాలి. పెద్ద ముక్క సంగతి తేలాలన్నా డెబ్బై మూడు వేల చిల్లర దాకా చూస్తే చాలు. అంటే 1953 జనవరి ఎనిమిది నుంచి మార్చి ఇరవై నాలుగు దాకా, డెబ్బై ఆరు పేజీలు. అవన్నీ ఆయన చేసేశాడు, మూడు అమావాస్యలు తప్ప.

"ఆ మూడు నెలలు సరే. తక్కిన నాలుగేండ్లు?"

"ఈ నాలుగోదాని దాకా రావడానికి పట్టాయి. అవి లేకుంటే ఇక్కడికి రాలేం. దీని తర్వాత చేసిన ఏడాది మాత్రం దండగ. ఆ ఏడాది నావల్ల పోయింది."

ఆయన లేచి 1953 డైరీ తెచ్చాడు. జనవరి 15, ఫిబ్రవరి 14, మార్చి 15. మూడు తెల్ల పేజీలు చూపించి డైరీ, పలక నా ఒళ్లో పెట్టాడు.

"ఈ పద్దెనిమిదీ మీరు సేయండి. సెప్పొద్దండి, సేయండి."

నేను మగ్గం పక్కన నేల మీద కూర్చుని మొదలుపెట్టాను. ఆయన గుంటలోకి దిగి నేత సాగించాడు. బలపంతో భాగాహారం చేసి ఎన్నేళ్లయిందో, పది నిమిషాలకే వేళ్లు పీకాయి. ఆయన చేసిన పది వేల చిల్లర లెక్కల్లో నావి పద్దెనిమిది. మధ్యాహ్నం దాటాక ముగిశాయి. ఎక్కడా సున్నా రాలేదు. ఆ రెండు ముక్కలూ ఇక విరగవు. నిజంగా సంతోషం వేసింది, గట్టిగానే చెప్పాను.

దేవేంద్రప్ప పైకి వచ్చి చేతులు తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, పలక తీసుకుని నా మొదటి లెక్క మళ్లీ మొదలుపెట్టాడు.

"చూశాను కదా, ఎక్కడా సున్నా రాలేదు" అన్నాను.

"మీరు సూసినారు సారూ" అన్నాడు తల ఎత్తకుండా.

తిప్పమ్మ నాకు అన్నం పెట్టింది. తింటూ ఆయన్నే చూస్తున్నాను. పద్దెనిమిదీ వరసగా చేశాడు. పదకొండోదాని దగ్గర ఆగి, రెండోసారి చేసి, నేను రాసిన శేషం మీద గీత కొట్టి పక్కన సరైనది రాశాడు. నేను ఒకచోట తీసివేతలో తప్పాను. సరిదిద్దినా అది సున్నా కాదు, ముక్కలు విరగవన్న మాట మారదు. చివరిది కూడా అయ్యాక కలం నా చేతికిచ్చి, కొట్టివేసిన చోట వేలు పెట్టి చూపించాడు.

"ఈడ సంతకం పెట్టండి."

పెట్టాను. ఆయన రాసిన దాదాపు రెండు వేల పేజీల్లో ఆ రోజుదాకా నేను సరిచూసింది మొదటి పేజీలోని 57 ఒక్కటే.